తొమ్మిది అక్షరాల కాపలా

జేడీ-ఎస్‌బీఐయూపీఐ-ఎస్. ఖాతాలోంచి డబ్బు కదిలినప్పుడల్లా ఫోన్లో వచ్చి పడే సందేశం నెత్తిన ఇలాంటిదొకటి ఉంటుంది. మధ్యలో రెండు అడ్డగీతలు. వాటిని వదిలేస్తే తొమ్మిది ఇంగ్లిష్ అక్షరాలు. చాలామంది దాన్ని చదవరు. ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్న దగ్గరికే చూపు జారిపోతుంది. సైబర్ మోసాల వార్తలు రోజూ పేపర్లో చదివి బెంబేలెత్తిపోతున్న మనకు, మన చేతిలోనే ఉన్న మంచి కాపలా అది. దాన్ని తీర్చిదిద్దినవాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్ల పనితనాన్ని మెచ్చుకున్నవాళ్లూ తక్కువే. ఆ పని ఎంత ఓర్పుతో చేసిందో దగ్గరగా చూస్తే, మోసాన్ని గుర్తుపట్టే విద్యలో సగం దానంతటదే పట్టుబడుతుందని నా నమ్మకం.

ముందు రెండు అక్షరాలు. మొదటిది సందేశాన్ని ఎక్కించుకున్న టెలికాం కంపెనీ: జే అంటే జియో, ఏ అంటే ఎయిర్‌టెల్, వీ అంటే వొడాఫోన్ ఐడియా, బీ అంటే బీఎస్‌ఎన్‌ఎల్. రెండోది టెలికాం సర్కిల్, అంటే ప్రాంతం. డీ ఢిల్లీ, ఎం ముంబయి, ఎక్స్ కర్ణాటక. మనది ఏ. మనదంటే రెండు రాష్ట్రాలదీ. 2014లో తెలంగాణ వేరుపడినా టెలికాం పటంలో రెండూ ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కిందే ఉన్నాయి. ఈ అక్షరం సందేశం బయల్దేరిన చోటిదే గానీ మనముండే చోటిది కాదు. అమలాపురంలో ఉన్న మనిషికి డీ అని వస్తే కంగారుపడాల్సిన పనిలేదు. వెనకటి ఉత్తరాల మీద అవి ఏ ఊరి డబ్బాలో పడ్డాయో చెప్పే తపాలా ముద్ర ఉండేది. ఈ రెండక్షరాలూ చేసేది ఆ పనే.

మధ్యనున్న ఆరూ అసలు పేరు. దీన్ని హెడర్ అంటారు. ఇది ఎవరంటే వాళ్లు నచ్చినట్టు పెట్టుకునే పేరు కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, జనానికి మూకుమ్మడిగా సందేశాలు పంపదలచిన ఏ సంస్థ అయినా ముందు తన కాగితాలన్నీ చూపించి టెలికాం కంపెనీ దగ్గర నమోదు కావాలి. ఆ తర్వాత హెడర్ నమోదు చేయించుకోవాలి. అంతటితోనూ అయిపోదు. పంపబోయే సందేశంలోని మాటలు కూడా ముందే రాసిచ్చి ఆమోదం పొందాలి. "మీ ఖాతా నుంచి ఇన్ని రూపాయలు ఫలానావారికి వెళ్లాయి, రిఫరెన్స్ నంబర్ ఇది" అన్న వాక్యంలో అంకెలూ పేర్లూ మాత్రమే మారతాయి. మిగతా వాక్యం కదలదు. ఈ అచ్చును టెంప్లేట్ అంటారు. మారే చోట్ల ఖాళీలు వదులుతారు.

ఇన్ని హెడర్లూ ఇన్ని టెంప్లేట్లూ ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా. ఆ రిజిస్టరును ఏ ఒక్క కంపెనీ చేతిలోనో పెట్టలేదు. టెలికాం కంపెనీలన్నీ పంచుకునేలా, ఒకరు చాటుగా దిద్దితే మిగిలినవాళ్లకు తెలిసిపోయేలా బ్లాక్‌చెయిన్ పద్ధతిలో కట్టారు. అలా కట్టిన వేదికల్లో ట్రూబ్లాక్ ఒకటి. దాన్ని చేసింది హైదరాబాద్ కంపెనీ టాన్లా. బ్యాంకు కంప్యూటర్ నుంచి బయల్దేరిన ప్రతి సందేశమూ మన ఫోన్ చేరేలోపు ఈ రిజిస్టరు ముందు ఆగుతుంది. ఈ హెడర్ ఎవరిది? ఈ వాక్యం వాళ్లు ఆమోదం పొందినదేనా? అందుకోబోయే మనిషి ప్రకటనలు వద్దని చెప్పుకున్నాడా? అన్నిటికీ జవాబు సరిపోతేనే ముందుకు కదులుతుంది. ఓటీపీ కోసం మనం ఎదురుచూసే ఆ కాసేపట్లోనే ఇదంతా జరిగిపోతుంది.

2021 మార్చి 8న ఈ తనిఖీని పూర్తిగా అమల్లోకి తెచ్చారు. ఆ రోజు దేశమంతటా ఓటీపీలు నిలిచిపోయాయి. చాలా సంస్థలు టెంప్లేట్లు నమోదు చేయించలేదు. చేయించినవాళ్లలోనూ కొందరు పంపే వాక్యానికీ నమోదైన వాక్యానికీ పొంతన కుదరలేదు. బ్యాంకు చెల్లింపులు ఆగాయి, కోవిన్ వెబ్‌సైట్‌లో కోవిడ్ టీకా కోసం పేరిచ్చుకునేవాళ్లకూ ఓటీపీలు రాలేదు. మర్నాడు ట్రాయ్ తనిఖీని వారం పాటు ఆపింది. దాన్ని అప్పట్లో అందరూ వైఫల్యంగానే చూశారు. నాకు మాత్రం ఆ పని గట్టితనం ఆ రోజే బయటపడిందనిపిస్తుంది. పెద్ద బ్యాంకుల సందేశాలనైనా సరే, మాట సరిపోలకపోతే వదలని తనిఖీ అది. ట్రాయ్ గడువు ఇచ్చింది, సంస్థల వెంటపడి నమోదులు పూర్తి చేయించింది, తనిఖీని మళ్లీ తెచ్చింది. మధ్యలో వదిలేసి ఉంటే ఈ తొమ్మిది అక్షరాలకు ఇవాళ విలువ ఉండేది కాదు.

అయితే టెంప్లేట్‌లో ఖాళీలున్నాయని చెప్పుకున్నాం. దొంగలు దూరింది ఆ ఖాళీల్లోంచే. ఆమోదం పొందిన వాక్యంలో పేరుండాల్సిన చోట ఒక లింకు పెడితే, వాక్యం చూడ్డానికి సక్రమంగానే ఉంటుంది గదా. 2024 మేలో కేంద్రం బయటపెట్టిన వివరాల్లో 8 హెడర్ల సంగతి ఉంది. మూడు నెలల్లో వాటి మీదుగా 10,000కు పైగా మోసపు సందేశాలు వెళ్లాయి. ఆ హెడర్ల సొంతదారులకున్న మొత్తం 73 హెడర్లనూ, 1,522 టెంప్లేట్లనూ నిషేధించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి సందేశంలో వచ్చే ప్రతి లింకూ ముందే నమోదై ఉండాలన్న నియమం వచ్చింది. నమోదు కాని లింకు ఉంటే సందేశం కదలదు. 2025 చివర్లో ఇంకో అడుగు వేసి, ప్రతి ఖాళీలోనూ ఏం రావాలో, అంకెలా, లింకా, ఫోన్ నంబరా అన్నది ముందే గుర్తు పెట్టాలని ట్రాయ్ ఆదేశించింది. చిల్లు కనపడ్డప్పుడల్లా దాన్ని పూడ్చుకుంటూ వచ్చిన పని ఇది. ఈ విషయంలో ట్రాయ్‌ని మెచ్చుకోవడానికి నాకేమీ సంకోచం లేదు.

ఇక చివరి అక్షరం. 2025లో వచ్చింది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. పీ అంటే ప్రకటన. ఎస్ అంటే మనం వాడుతున్న సేవ తాలూకు సమాచారం. టీ అంటే మనం చేస్తున్న లావాదేవీ తాలూకుది. జీ అంటే ప్రభుత్వం. ఒకే ఒక్క అక్షరం, సందేశం ఏ పని మీద వచ్చిందో చెప్పేస్తుంది. బ్యాంకు పేరుతో వచ్చి చివర పీ ఉంటే అది అప్పు తీసుకోమనో, కార్డు తీసుకోమనో అడిగే ప్రకటన. "మీకు లోన్ మంజూరైంది" అని ఎంత ఊరించినా, చివరి అక్షరం దాని అసలు రంగు చెప్పేస్తుంది. ప్రభుత్వ పథకం డబ్బు పడుతుందంటూ వచ్చినదానికి చివర జీ లేకపోతే అక్కడే ఆగి ఆలోచించవచ్చు. హెడర్ ఎవరిదో అనుమానమొస్తే ట్రాయ్ వెబ్‌సైట్‌లో వెతుక్కునే పేజీ ఉంది. ఆ అక్షరాలు కొడితే సొంతదారు పేరు చూపిస్తుంది.

ఇప్పుడు దొంగ సందేశం ఒకటి పక్కన పెట్టి చూద్దాం. 2022 నుంచి దేశమంతా తిరిగిన ఒకదాని సారాంశం ఇది: "ప్రియమైన వినియోగదారుడా, మీ పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు కాబట్టి ఈ రాత్రి 9.30కి మీ కరెంటు తీసేస్తాం. వెంటనే మా ఆఫీసర్‌కు ఈ నంబరు మీద ఫోన్ చేయండి." మాటలు జాగ్రత్తగా చూడండి. బిల్లు కట్టలేదని అనలేదు, అప్‌డేట్ కాలేదన్నారు. కట్టినవాడికి కూడా గుండె దడ పుట్టించే మాట అది. రాత్రి 9.30కి కరెంటాఫీసు తలుపులు మూసి ఉంటాయి, అడగడానికి మనిషి దొరకడు. సర్వీసు నంబరు లేదు, బిల్లు ఎంతో లేదు, ఊరి పేరు లేదు. ఎవరికి పంపినా సరిపోతుంది. అన్నిటికీ మించి, దాని నెత్తిన హెడర్ లేదు. ప్లస్ 91తో మొదలయ్యే మామూలు పదంకెల సెల్ నంబరుంది. మన డిస్కమ్ అయినా, బ్యాంకు అయినా ఇలాంటి సమాచారం ఎవరో ఒకరి సెల్ నంబరు నుంచి పంపదు, పంపడానికి నిబంధనలు ఒప్పుకోవు. కింద ఎంత భయపెట్టినా, పైన ఒక్క చూపు చూస్తే అది ఉత్తదని తేలిపోతుంది.

దొంగ కూడా ఈ సంగతి ఎరిగినవాడే. అందుకే వాడి ఎత్తుగడ అంతా మనల్ని ఈ ముద్రలు లేని చోటికి తీసుకుపోవడం మీదే ఉంటుంది. ఫోన్ చేయమంటాడు, వాట్సాప్‌లోకి రమ్మంటాడు, టెలిగ్రామ్ గ్రూపులో చేరమంటాడు. వాట్సాప్‌లో హెడర్ లేదు, టెంప్లేట్‌ను ఆపి చూసే రిజిస్టరు లేదు. బ్యాంకు లోగోను డీపీగా ఎవరైనా పెట్టుకోవచ్చు. పీఎం కిసాన్ అనో, ఆర్టీవో చలాన్ అనో పేరుపెట్టి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఏపీకే ఫైళ్లు ఆ ఖాళీ జాగాలో పుట్టినవే. నొక్కి ఇన్‌స్టాల్ చేసుకుని, అడిగిన అనుమతులన్నీ ఇస్తే అది మన ఎస్సెమ్మెస్‌లు చదువుతుంది. ఇన్ని వడపోతలు దాటి భద్రంగా వచ్చిన ఓటీపీ అక్కడ దొంగ చేతికి పోతుంది. చలాన్ నిజంగా ఉందో లేదో పోలీసుల అధికారిక వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఫైలు తెరవాల్సిన అవసరమే రాదు.

డిజిటల్ అరెస్ట్ అని బెదిరించేవాళ్లదీ ఇదే దారి. పార్సిల్లో మత్తుమందు దొరికిందనో, మీ ఆధార్‌తో మనీ లాండరింగ్ జరిగిందనో చెప్పి వీడియో కాల్‌లోకి లాగుతారు. యూనిఫాం, వెనక గోడ మీద చిహ్నం, కోర్టు ముద్ర వేసిన కాగితం, అన్నీ చూపిస్తారు. గంటల తరబడి కెమెరా ముందునుంచి కదలనివ్వరు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పొద్దంటారు. 2024 అక్టోబరు 27న ప్రధాని తన మన్ కీ బాత్‌లో చెప్పినట్టు, చట్టంలో డిజిటల్ అరెస్ట్ అన్నదే లేదు. వీడియో కాల్‌లో అరెస్ట్ చేసే పోలీసు గానీ, విచారణ పేరుతో డబ్బు బదిలీ చేయించుకునే సంస్థ గానీ ఈ దేశంలో లేదు. కాల్ కట్ చేసి పక్కింటాయన్ని పిలవడం ఆ నిమిషాన చేయదగిన పని. దొంగ వద్దన్నదీ అదే.

తొమ్మిది అక్షరాలను మెచ్చుకుంటూ వాటి లోటు దాచడం న్యాయం కాదు. నకిలీ టవర్ పెట్టెలున్నాయి. చిన్న పెట్టెను కారులో పెట్టుకుని తిరుగుతూ, చుట్టుపక్కల ఫోన్లకు నేరుగా సందేశాలు గుప్పిస్తారు. బ్యాంకాక్‌లోనూ లండన్‌లోనూ ఇలా తిరిగినవాళ్లను పోలీసులు పట్టుకున్నారు. ఆ సందేశం ఏ టెలికాం కంపెనీ మీదుగానూ రాదు గనక రిజిస్టరు దాన్ని ఆపలేదు, పైన ఏ పేరైనా రాసుకోవచ్చు. ఇందుకు మూలం 2జీలో ఉంది. ఆ పాత పద్ధతిలో ఫోన్ తానెవరో టవర్‌కు రుజువు చేసుకోవాలి, టవర్ మాత్రం ఫోన్‌కు ఏదీ రుజువు చేయనక్కర్లేదు. నకిలీ పెట్టె ఫోన్‌ను 2జీలోకి దింపి ఆ లోటును వాడుకుంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల నెట్‌వర్క్ సెట్టింగుల్లో 2జీని ఆపేసే మీట ఉంది. మీ ఊళ్లో 4జీ బాగా అందుతుంటే ఆపేసుకోవడం మంచిది.

కాబట్టి సందేశం దగ్గర తప్పినా, డబ్బు దగ్గర ఆపే కాపలా ఇంకొకటి కావాలి. యూపీఐ పిన్ పేజీ అలాంటిది. 2016 ఏప్రిల్ 11న యూపీఐ మొదలైనప్పటి నుంచీ ఉన్న ఈ పేజీని గమనించి చూడండి. ఫోన్‌పే వాడినా, గూగుల్ పే వాడినా, పిన్ కొట్టే చోటికి వచ్చేసరికి తెర రూపు ఒకటే అవుతుంది. ఎందుకంటే ఆ పేజీ ఆ యాప్‌ది కాదు. యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ తయారుచేసి అన్ని యాప్‌లలోనూ పొదిగిన భాగం అది. మనం కొట్టిన అంకెలు అక్కడే రహస్య లిపిలోకి మారి బ్యాంకుకు వెళ్తాయి. ఆ అంకెలు యాప్ కంపెనీకి కూడా తెలియవు. ఆ పేజీ మీద ఎవరికి, ఎంత అన్నది రాసి ఉంటుంది. డబ్బు మన ఖాతాలోంచి బయటికి పోయేటప్పుడు పిన్ అడుగుతారు. లోపలికి రావడానికి అక్కర్లేదు. పాత సోఫా అమ్మకానికి పెట్టినవాళ్లకు "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అని చెప్పేవాడి మాట ఈ పేజీ ముందు నిలవదు. చదివితే చాలు.

ఈ పేజీకి ముందున్న మెట్టునూ సరిచేశారు. ఇదివరకు ఫోన్లో మనం సేవ్ చేసుకున్న పేరో, అవతలివాడు యాప్‌లో పెట్టుకున్న పేరో కనిపించేది. దొంగ తన పేరు ఏ షాపు పేరుగానో మార్చుకునేవాడు. 2025 జూన్ 30 నుంచి బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరే చూపించాలని ఎన్‌పీసీఐ కట్టడి చేసింది. కరెంటు బిల్లు కడుతున్నానని మీరనుకుంటుంటే తెర మీద ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తుంది. అది కనపడ్డాక ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి, ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి "నాకు డబ్బు పంపు" అని అభ్యర్థన పెట్టే సౌకర్యాన్నే తీసేశారు. మోసగాళ్లు దాన్ని తెగ వాడుకుంటున్నారని తేలడమే కారణం. జనం అలవాటుపడ్డ సౌకర్యాన్ని వెనక్కి తీసుకోవడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం కూడా పనితనంలో భాగమేనని నాకనిపిస్తుంది.

వెబ్‌సైట్ల విషయంలో కొత్తగా వచ్చింది చిన్నదే అయినా చక్కనిది. మన బ్యాంకుల చిరునామాలన్నీ ఇప్పుడు బ్యాంక్.ఇన్ అని ముగియాలి. రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో ప్రకటించి అక్టోబరు 31 గడువు పెట్టింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ఒక్కదానిదే. రిజర్వు బ్యాంకు 1996లో స్థాపించిన సంస్థ అది. చిరునామాలో మొదటి ఒంటి ఏటవాలు గీతకు ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి, అదొక్కటే మెలకువ. ఆ భాగం ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్ అని ముగిసి, ఆ వెంటనే ఏటవాలు గీత గానీ, ఏమీ లేకపోవడం గానీ ఉంటే అది బ్యాంకుదే. ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్ తర్వాత చుక్క పెట్టి ఇంకేదో పేరు, మళ్లీ చుక్క, ఇంకేదో తోక కనిపిస్తే, ఆ జాగా సొంతదారు చివరి తోక దగ్గరివాడు. ముందున్న బ్యాంకు పేరు అలంకారం మాత్రమే.

ఇన్నీ దాటి డబ్బు పోతే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. 2021లో 155260గా మొదలై తర్వాత 1930 అయిన నంబరిది. ఫోన్ చేసేముందు యూపీఐ రిఫరెన్స్ నంబరు, 12 అంకెలది, దగ్గర పెట్టుకుంటే పని త్వరగా సాగుతుంది. ఫిర్యాదు ఎక్కగానే డబ్బు చేరిన బ్యాంకుకు కబురు వెళ్తుంది. ఇంకా అక్కడే ఉంటే ఆ మొత్తాన్ని కదలకుండా నిలిపేస్తారు. ఇంకో బ్యాంకుకు దాటి ఉంటే, కబురు దాని వెనకే అక్కడికీ పోతుంది. దొంగలు అద్దెకు తీసుకున్న ఖాతాల మీదుగా డబ్బును గంటల్లోనే పరుగెత్తిస్తారు కాబట్టి, ఇంట్లోవాళ్లు ఏమంటారోనని ఆలోచిస్తూ కూర్చుంటే వ్యవధి చేయి దాటిపోతుంది. ముందు ఫోన్ చేయాలి. ఇంట్లో తర్వాత చెప్పుకోవచ్చు.

ఇంత మంచి పనిలో నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఇదంతా ఇంగ్లిష్‌లో ఉంది. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లిష్ అయితే ఒక సందేశానికి 160 అక్షరాలు పడతాయి, తెలుగైతే 70. ఆ 70 కూడా మనం లెక్కపెట్టుకునే అక్షరాలు కావు. ప్రతి గుణింతపు గుర్తూ, ప్రతి పొల్లూ విడిగా లెక్కకొస్తుంది. ఖాతాదారుడు అన్న మాట కంటికి అయిదు అక్షరాలు, ఎస్సెమ్మెస్ లెక్కలో పది. ఇంగ్లిష్‌లో ఒక సందేశంలో సరిపోయేది తెలుగులో రెండో మూడో అవుతుంది. పంపే సంస్థకు ఖర్చు అంతకంతా పెరుగుతుంది. తెలుగు టెంప్లేట్లు నమోదు చేసుకోవడానికి నిబంధనలు అడ్డం రావు, అడ్డం వచ్చేది ఈ లెక్కే. ఫలితంగా పింఛను ఖాతాలో డబ్బు పడిందన్న మాట, సగానికి పైగా తనకు అర్థంకాని భాషలో పెద్దావిడ ఫోన్‌కు వస్తుంది. ఆవిడకు ఫోన్ చేసే దొంగ మాత్రం "అమ్మా, బాగున్నారా" అని తెలుగులోనే మొదలుపెడతాడు.

సందేశాలన్నీ తెలుగులోకి మారేదాకా ఆగక్కర్లేదు. ఆ చివరి అక్షరాన్ని ఫోనే చదివి తెలుగులో చూపించవచ్చు. జీ ఉంటే ప్రభుత్వ సందేశమని, పీ ఉంటే ప్రకటన అని, పదంకెల నంబరైతే నమోదుకాని నంబరని, పెద్ద అక్షరాలతో, రంగు వేసి, సందేశానికి పైన. నాలుగు అక్షరాలకు నాలుగు మాటలు. ఫోన్ భాషగా తెలుగు పెట్టుకున్నవాళ్లకు మెనూలన్నీ తెలుగులో చూపిస్తున్న కంపెనీలకు ఇది అలవిగాని పనేమీ కాదు. హెడర్ల జాబితా ట్రాయ్ దగ్గర అందరికీ కనపడేలా ఇప్పటికే ఉంది.